పాతకారు కొనువారికి హితవు

ఎద్దును కొనబోవు రైతు దాని పండ్లు చూచును, సుడులు చూచును, కాడి కట్టి నాలుగు సాళ్లు దున్నించి చూచును. ఆ రైతే పాతకారు కొనునపుడు పైరంగును, మెత్తని సీట్లను చూచి రొక్కము చెల్లించుచున్నాడు. ఇది నీళ్లలోని బఱ్ఱెను బేరమాడుట కాదా?

2019వ సంవత్సరమున పెనుకొండ చెంత ఎఱ్ఱమంచి కడ కియా వారి కార్ఖానాలో కార్ల తయారు మొదలయ్యెను. అయినను వేరుసెనగను, వాన దయను నమ్మి బ్రదుకు మన మెట్టరైతునకు క్రొత్తకారు సులభముగ అందునది కాదు. పదియేండ్లు వాడిన బండియే అతనికి దొరకును. రోగిని ఆసుపత్రికి చేర్చుటకును, సంతకు పోవుటకును అది అక్కఱకు వచ్చును. కావున పాతకారు కొనవలదని మేము చెప్పము. పరీక్షింపక కొనవలదని మాత్రము చెప్పుచున్నాము.

ఇంజను గట్టిదైనను పాతబండిని తఱచుగ బాధించునది విద్యుత్ లోపము. మన యెండకు బ్యాటరీ ఆయువు తఱుగును. దుమ్మును తేమయు చేరి ఎర్తుతీగ కొనలు చిలుమెక్కును. కొట్టములో నిలిపిన బండి తీగలను ఎలుకలు కొఱుకును. ఇట్టి దోషము పైకి కనబడదు. బండి కదలనిచో మొదట బ్యాటరీ మార్చుదురు; పిదప డైనమో, ఆపైన సెల్ఫు మార్చుదురు. తుదకు తప్పు వదులైన ఎర్తుతీగలో నున్నదని తేలవచ్చును. ఒక నట్టు బిగించినంత మాత్రమున తీరు పని వేల రూపాయలను మ్రింగును.

విత్తుటకు ముందు మొలక పరీక్ష చేయుడని మేము చెప్పు న్యాయమే ఇచ్చటను వర్తించును. రాత్రియంతయు నిలిపిన బండిని ఉదయమున మల్టీమీటరుతో కొలిచిన మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను నడుచునపుడు సుమారు 14 వోల్టులకు పెరుగవలెను. పెరుగనిచో డైనమోలోనో, దాని తీగలలోనో లోపమున్నదని అనుమానింపవలెను. పెరిగియు ఉదయమునకు నీరసించినచో బ్యాటరీ ముసలిదై యుండును, లేదా బండి ఆపిన పిమ్మటను ఏదో యొక తీగ విద్యుత్తును త్రాగుచుండును. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని దాని స్థానమున రాగితీగ చుట్టరాదు. ఫ్యూజు కాలవలసినచోట బండియే కాలును.

“ఇది మెకానిక్కు పని, రైతునకేల?” అని కొందఱందురు. మెకానిక్కును మేము తక్కువ చేయము. కాని కొలిచి చెప్పువాడు వేఱు, ఊహించి మార్చువాడు వేఱు. కొలత యెఱిగిన రైతు కారణమడుగగలడు. తీసిన పాతభాగమును చూపుమనగలడు.

కావున ప్రతి సహకార సంఘమును ఒక మల్టీమీటరు కొని యుంచవలెనని మా అభిప్రాయము. సామాన్యమైన దాని వెల కొన్ని వందల రూపాయలే. ఐ.టి.ఐ. చదివిన గ్రామ యువకుడొకడు దాని వాడుక సభ్యులకు నేర్పగలడు. ట్రాక్టరునకును అది పనికివచ్చును. పాతబండి కొను సభ్యుడు ముందు ఈ పరీక్ష చేయించి, తీగల మరమ్మతునకగు వ్యయమును వెలలో తగ్గించి బేరమాడవలెను. వానలు తప్పిన యేట పంట అప్పే తీరదు. దానిపై బండి అప్పు చేరినచో ఆ కుటుంబమేమగును? వచ్చు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ విషయమును చర్చింతురుగాక.