ఉపగ్రహపు కన్నును నేలమీదనే పరీక్షింపవలయును



శ్రీహరికోటనుండి రాకెట్టు లేచునపుడు ఱెప్పవేయక చూచెదము. కాని అది మోసికొనిపోవు కెమెరా పంపబోవు అంకెలు ఎంతవరకు నమ్మదగినవో ఎవరును అడుగరు. ఆ కెమెరా పొలమునుండి ప్రతిఫలించిన కాంతి తన డిటెక్టరులపై బడగా పుట్టిన విద్యుత్సంకేతమును అంకెగా మార్చి పంపును. ఏ అంకెకు ఎంత కాంతియో ముందుగా నిర్ణయింపనిచో చిత్రము చూచుటకు రమ్యముగా నుండునేమో గాని కొలతకు పనికిరాదు.

ఈ నిర్ణయమే క్రమాంకనము. కాంతిని సర్వదిశలకు సమముగా వెదజల్లు తెల్లని పూత లోపల పూసిన బోలుగోళములో దీపములు వెలిగించి, తీవ్రత ముందే తెలిసిన ఆ వెలుగును ద్వారమువద్ద నిలిపిన కెమెరాకు మెట్టుమెట్టుగా చూపి, చీకటిలో ఎంత అంకె వచ్చునో, వెలుగు రెట్టింపైనపుడు అంకెయు ఆ మేరకే పెరుగునో లేదో, వరుసగా కూర్చిన వేలకొలది డిటెక్టరులలో ఏది ఎక్కువ చూపునో ఏది తక్కువ చూపునో వ్రాసికొందురు. ఈ పని సరిగా జరుగనిచో చిత్రమున చారలు పడును. చారలు చీరకు అందమేమో గాని పటమునకు కావు. పిమ్మట గాలి తీసివేసిన గదిలో శీతోష్ణములు మార్చుచు మరల కొలుతురు.

పైకి పోయినపిదప ఎడారులను, చంద్రుని జూచి దిద్దుకొనవచ్చును గదా యని కొందరందురు. దిద్దుకొనవలసినదే, ప్రయోగపు కుదుపులకు, కాలక్రమమున పేరుకొను మలినమునకు కెమెరా మారకపోదు. కాని ఎంత మారినదో తెలియుటకు మొదటి స్థితి తెలియవలదా? 2013 ఫిబ్రవరిలో అమెరికావారు ప్రయోగించిన లాండ్‌శాట్-8లోని ఉష్ణ సెన్సరులోనికి, అది చూడవలసిన ప్రదేశమునకు వెలుపలనుండి దారితప్పిన వికిరణము వచ్చి కలియుటచే, నేల ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు తప్పుగా తేలెను. దాని రెండు బ్యాండులలో (తరంగదైర్ఘ్యపు పట్టీలలో) 11వ సంఖ్య గలదానిని గణనలకు నమ్ముకొనవద్దని హెచ్చరింపవలసివచ్చెను. దిద్దుబాటు అమలునకు వచ్చుసరికి 2017 అయ్యెను. 2021లో లాండ్‌శాట్-9ని పంపుటకు ముందు అడ్డుతెరలు చేర్చి, ఆ దోషమును నేలమీదనే వెదకి పరీక్షించిరి. తొలి దోషమును వారు బాహాటముగా ప్రకటించుటయు గమనింపదగినది.

మనదేశమున 1988లో ఐఆర్‌ఎస్-1ఎ మొదలుకొని అహమ్మదాబాదులోని అంతరిక్ష అనువర్తన కేంద్రమువారు కెమెరాలు నిర్మించి క్రమాంకనము చేయుచున్నారు. వారి సామర్థ్యమును శంకించుట నా యుద్దేశము కాదు. కాని నేడు ప్రైవేటు సంస్థలును ఉపగ్రహములు కట్టుచున్నవి. వ్యయము తగ్గింపవలెనన్నపుడు మొదట కుదింపబడునవి పరీక్షాదినములే యగునని ఊహించుట కష్టము కాదు. పంటపచ్చదనపు సూచిని ఎఱుపు, పరారుణ బ్యాండుల తేడానుండి గణింతురు. రెండింట ఒకటి మాత్రమే పెడదారిపట్టినచో పచ్చని చేను వాడినట్లు తోచును. పంటబీమా లెక్కలలోనికి ఈ చిత్రములు ప్రవేశించిన కాలములో, ఆ తేడా అనంతపురపు వేరుసెనగ రైతు పరిహారమును హరింపవచ్చును గదా! ఏ పత్రము చూపి అతడు వాదించును?

కావున దూరసంవేదన ఉపగ్రహమునకు ప్రైవేటు అంతరిక్ష కార్యములకు అనుమతులిచ్చు ప్రభుత్వ సంస్థయగు ఇన్‌స్పేస్ అనుమతి నిచ్చుటకు ప్రయోగపూర్వ క్రమాంకన నివేదికను షరతుగా విధింపవలయును. ఆ కొలతలు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ప్రమాణములతో ముడిపడి, దోషపరిమితి స్పష్టముగా వ్రాయబడి, చిత్రములతోపాటు అందఱికిని ఉచితముగా లభింపవలయును. రైతుసంఘములును విశ్వవిద్యాలయములును ఈ కోరికను తీర్మానముగా నామోదించి తమ పార్లమెంటు సభ్యులకు పంపుదురు గాక.