పండు విమానమెక్కింది, కూలి చెట్టుకిందే ఉంది

మామిడి పండించడంలో ప్రపంచంలో మన దేశానిదే మొదటి స్థానం. ఎగుమతిలో మాత్రం ఆ పెద్దరికం లేదు. కాసిన కాయలో తాజా పండుగా విదేశం పోయేది నూటికి ఒక వంతు కూడా లేదు. అందుకే పెద్దలు ఎక్కడ మీటింగు పెట్టినా ఒకటే పాట: ‘పోటీకి నిలబడాలి, ఖర్చు తగ్గించాలి’.

ఎవరి ఖర్చు? డీజిలు తగ్గదు. బ్యాంకు వడ్డీ తగ్గదు. తగ్గేది రైతు రేటు. ఆ వెంటనే కూలోళ్ల కూలి.

అసలు మన పండు ఎక్కడ ఓడిందో చూడండి. 2010లో యూరప్‌లో మన ద్రాక్షకు దెబ్బ తగిలింది, పండులో మిగిలిన మందు వల్ల. 2014 మేలో అదే యూరప్ మన మామిడిని ఆపేసింది, పెట్టెల్లో పండు ఈగ దొరికిందని. తనిఖీలు సరిచేశాకే 2015లో మళ్లీ రానిచ్చింది. 2025 మేలో అమెరికా 15 లోడ్ల మామిడిని తిప్పికొట్టింది, నవీ ముంబైలో కిరణాలు పట్టిన కాగితాల్లో తప్పులున్నాయని. ఇందులో ఒక్కటన్నా కూలి ఎక్కువై జరిగిందా? మందు మోతాదు చెప్పాల్సిందెవరు? ఈగను పట్టాల్సిందెవరు? కాగితం రాయాల్సిందెవరు? తప్పు పైన, శిక్ష కింద. ఇదెక్కడి న్యాయం?

మన చిత్తూరు సంగతే చూడండి. ఇక్కడి తోతాపురి గుజ్జు డబ్బాల్లో దేశాలు దాటిపోతుంది. 2025లో కాపు విరగగాసింది. ఫ్యాక్టరీల్లో పోయినేటి గుజ్జు అట్లనే ఉంది. రేటు కుప్పకూలింది. రైతులు రోడ్డెక్కితే సర్కారు కిలోకు 12 రూపాయలని చెప్పింది: ఫ్యాక్టరీ 8, సర్కారు 4. రైతుకు ఆ మాత్రం దక్కాల్సిందే, మనం కాదనం. కానీ కొమ్మెక్కి కాయ కోసినోడికి, సొన పడి చేతులు కాలినామెకు, ర్యాంపుల కాడ లోడెత్తినోడికి ఆ లెక్కలో గడే లేదు.

ఎందుకు లేదు? లెక్కంతా పట్టాదారు పేరు మీద నడుస్తుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల విస్తీర్ణంలో దళితుల చేతిలో ఉన్నది నూటికి 9 వంతులు కూడా లేదు. భూమి లేనోడికి పంటలో పేరు లేదు. పేరు లేనోడికి నష్టంలోనే వాటా.

అన్నలారా, అక్కలారా! పండుకు పరీక్ష ఉంది, పెట్టెకు ముద్ర ఉంది. కోసిన చేతికి కనీస వేతనం ఉందా అని ఏ తనిఖీలోనన్నా అడుగుతున్నారా? మనమే అడగాలి. వచ్చే కోతలకు ముందే వాడవాడనా కూర్చోండి. ఆడ, మగ ఒకటే కూలి అని తేల్చుకోండి. సొనకు చేతి తొడుగులు, మందు కొట్టేటోడికి ముఖానికి మాస్కు అడగండి. ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత ముట్టింది, నోటుపుస్తకంలో రాసిపెట్టండి. కౌలు చేసేటోళ్లు మీ పేరు పంట లెక్కలో ఎక్కించుకోండి.

కూలోళ్ల కడుపు కాల్చి గెలిచే పోటీ మనకొద్దు. పండుకు పేరొస్తే పండించిన చేతికీ కూడు రావాలి.