తవ్వని మడి - మోసిందెవరు?

నిరుడు తొలకరికి ముందు మా అద్దె ఇంటి పెరట్లో ఒక మడి వేశాను. పార పట్టలేదు, గడ్డపలుగు ముట్టలేదు. గరికను మొదలంటా కోసి అక్కడే వదిలేశాను. టేపులు, పిన్నులు పీకేసిన అట్టపెట్టెల్ని ఒకదాని అంచు మీదికి ఒకటి జానెడు ఎక్కేలా పరిచి బాగా తడిపాను. ఆపైన పలచగా పచ్చిపేడ, జానెడు మందాన ఎండుటాకులు, కూరగాయల తొక్కలు, వరిగడ్డి, మళ్లీ పేడ. అన్నిటికీ పైన నాలుగు అంగుళాల మాగిన పశువుల ఎరువు. వెలుగు అందక కింది గడ్డి చస్తుంది. తడికి అట్ట చివుకుతుంది. మిగతా పని వానపాములు చూసుకుంటాయి. ఎండుటాకు ఎక్కువై పేడ తక్కువైతే మొక్క పాలిపోతుంది, తడి ఆరిపోతే చెదలు పడతాయి. తుంగ మాత్రం అట్టను కూడా పొడుచుకొని వస్తుంది, దాన్ని పీకుతూ ఉండాల్సిందే. ఇంతకుమించి పెద్ద విద్యేమీ లేదు.

ఈ పద్ధతి చరిత్రలో స్త్రీలున్నారు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో రూత్ స్టౌట్ 1944లో తోట దున్నే మనిషి కోసం ఎదురుచూసి చూసి విసిగిపోయి, దున్నకుండానే విత్తనం వేసింది. అప్పటికామెకు అరవై దగ్గరపడుతున్నాయి. 1955లో ఆ అనుభవాన్ని పుస్తకంగా రాసింది. ఆస్ట్రేలియాలో ఎస్తర్ డీన్స్ 1970లలో కాగితం, గడ్డి, ఎరువు పొరలుగా పేర్చే మడిని ప్రచారంలోకి తెచ్చింది. ఆడది నాగలి ముట్టరాదన్న ఆచారం మన పల్లెలకు కొత్త కాదు. వాన పడ్డ రోజున ఒంటరి స్త్రీ నాగలి ఉన్నవాడి గడప దగ్గర నిలబడాలి. ఊరందరి చేలూ అయ్యాక, పదును ఆరాక ఆమె వంతు వస్తుంది. ఆ ఎదురుచూపు అక్కర్లేని మడి మీద నాకు ముచ్చట కలగడం సహజమే. 'శ్రమ లేని సేద్యం' అని ఒక సమావేశంలో ఉత్సాహంగా చెప్పాను కూడా.

ఆ మాటకు మా వీధి ఊడ్చే అక్క నవ్వింది. ఆకుల సంచులు, పేడ గంపలు తెచ్చింది ఆమే. డబ్బులిచ్చాను, నిజమే. "తవ్వలేదు, సరే గదమ్మా. మరి మోసిందెవరు?" అంది.

సమాజశాస్త్రంలో డాక్టరేట్ చేసినదాన్ని. స్త్రీల చాకిరీ గురించి ఏళ్ల తరబడి మాట్లాడుతున్నదాన్ని. అయినా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. దున్నడం మగపని గనుక, అది తప్పితే శ్రమే తప్పినట్టు లెక్కగట్టాను. ఆకు ఊడవడం, పేడ ఎత్తడం, గంప మోయడం ఆడపని గనుక అది నా కంటికి శ్రమగా ఆనలేదు. 2019లో జరిగిన జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. పెరటి మడి మంచిదే, కానీ దాని మోత కూడా ఆ 299 నిమిషాల మీదే పడితే ఇంటి ఆరోగ్యం పేరుతో స్త్రీకి మరో చాకిరీ అంటగట్టినట్టే కదా!

రెండో పాఠం నేల నేర్పింది. ఇలాంటి మడి ఏటేటా పొరలు వేస్తూపోతేనే గుల్లబారి బలపడుతుంది. మాది ఒక్క ఏడాది కూడా నిలవలేదు. కారు పెట్టుకోవడానికి ఇంటి యజమాని పెరడంతా సిమెంటు చేయించాడు. నేను బాధపడుతుంటే అక్క తన సంగతి చెప్పింది. పెళ్లయిన నాటి నుంచి పెంట మోసి తాను బాగుచేసుకున్న ఎకరం, పెనిమిటి పోయాక బావ పేరు మీదికి పోయిందట. భర్త ఆస్తిలో భార్యకు వాటా 1956 హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచీ, దేశమంతటా 2005లోనూ వచ్చింది. చట్టం ఉంది. ఆమె చేతిలో కాగితం లేదు.

నేనీ మడికి వ్యతిరేకిని కాను. చోటు దొరికితే మళ్లీ వేస్తాను, ఈసారి గంప నేనూ ఎత్తుతాను. అయితే మన సంఘాల్లో పెరటితోటల గురించీ, సహజ సేద్యం గురించీ మాట్లాడే ప్రతిసారీ రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుదాం. గంప ఎవరు మోస్తున్నారు? నేల ఎవరి పేరున ఉంది?