గ్రామఫోన్ గళాలు

1902 నవంబరులో కలకత్తాలోని ఒక హోటలు గదిలో గౌహర్ జాన్ అనే గాయని పాడింది. లండను నుండి వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ ఆ పాటను మైనపు పలకపై ముద్రించుకొన్నాడు. పాట ముగియగానే ఆమె ఆంగ్లంలో తన పేరును గట్టిగా ప్రకటించింది. ఆనాడు ఇక్కడ ముద్రించిన పలకలు ఓడలో జర్మనీలోని హానోవర్ నగరానికి వెళ్ళి, అక్కడ రికార్డులుగా అచ్చయి తిరిగి వచ్చేవి. అక్కడి పనివారికి మన భాష తెలియదు. గాయకుల ముఖం తెలియదు. ఏ పలకపై ఎవరి పేరు అచ్చు వేయాలో వారికి తెలియడానికి ఆ ప్రకటన అవసరమయింది. గళంతోపాటు పేరు కూడా ప్రయాణం చేయాలన్న ఎరుక మన దేశంలో ధ్వనిముద్రణ మొదలైన నాడే ఉన్నదన్నమాట.

నేడు ఆ రికార్డులను కంప్యూటరులోకి ఎక్కించే పనిని ఎందరో ఉత్సాహంగా చేపట్టారు. ఏ తెనాలిలోనో, ఏ విజయనగరంలోనో ఒక పాత ఇంటి అటకమీది నుండి తాతగారి రికార్డుల పెట్టె కిందికి దిగుతుంది. మనుమడు వాటిని గుడ్డతో తుడిచి, దొరికిన యంత్రంపై తిప్పి, వచ్చిన ధ్వనిని ఫైళ్ళుగా మార్చుకొంటాడు. పని పూర్తయిన తరువాత పెట్టె పాతసామానులవాని బండి ఎక్కుతుంది. కంప్యూటరులో ‘ట్రాక్ 1’, ‘ట్రాక్ 2’ అన్న పేర్లు మిగులుతాయి. ఉద్దేశం మంచిదే. కాని దీనిని సంరక్షణ అనడానికి వీలులేదు. రికార్డును ఫైలుగా మార్చడం యాంత్రికంగా నకలు తీయడం కాదు. ప్రాచీన గ్రంథాన్ని పరిష్కరించడం వంటి బాధ్యతగల పని.

తెలుగువారి విషయంలో ఈ బాధ్యత మరింత బరువైనది. గౌహర్ జాన్ పాడిన ఆ సంవత్సరమే జన్మించిన స్థానం నరసింహారావు సత్యభామ వేషంలో రంగస్థలంపై నడిచిన తీరును ఈ తరంవారు చూడలేరు. ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964) వాయులీన సభలో కూర్చొనే భాగ్యమూ లేదు. ఘంటసాల గానం చేసిన కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ఇంటింటికీ చేరినది రికార్డుల ద్వారానే. పద్యనాటకం గురించి పుస్తకాలు ఎన్ని చదివినా, పద్యాన్ని ఎక్కడ విరిచారో, రాగాన్ని ఎంత సాగదీశారో, ఏ మాటపై ఊపిరి నిలిపారో పుస్తకం చెప్పలేదు. రికార్డు చెబుతుంది.

పాత రికార్డు నిమిషానికి సుమారు 78 చుట్లు తిరుగుతుంది. అది లక్క, రాతిపొడి, మసి కలిపి అచ్చుపోసిన పలక. ఒక్కొక్క వైపు మూడు నిమిషాలకు కొంచెం మించి పట్టదు. 1948లో వినైల్‌తో చేసిన ఎల్.పి. రికార్డులు వచ్చాక ఒక్కొక్క వైపు ఇరవై నిమిషాలకు పైగా పాడుకొనే వీలు కలిగింది. లక్క పలక చేయి జారితే పగులుతుంది. దానిని స్పిరిటుతో తుడిస్తే లక్క కరిగి గాడి పాడవుతుంది. వినైల్‌ను శుభ్రపరచే ద్రవాలనే దీనికీ వాడి, ఉన్న పాటను పోగొట్టుకొన్నవారు లేకపోలేదు.

అన్నింటికంటె సూక్ష్మమైన చిక్కు వేగంలో ఉన్నది. తొలి దశాబ్దాలలో అన్ని రికార్డులనూ సరిగ్గా 78 చుట్ల వేగంతో ముద్రించలేదు. కొన్ని అంతకు తక్కువ, కొన్ని ఎక్కువ. 74 చుట్లతో ముద్రించిన పద్యాన్ని 78 చుట్లతో తిప్పితే గాయకుని ఆధారషడ్జం దాదాపు ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. మూడు నిమిషాల పాట తొమ్మిది సెకన్లు తగ్గుతుంది. గంభీరమైన గళం సన్నబడుతుంది. వినేవారు ‘ఆ రోజుల్లో అంత పై శ్రుతిలో పాడేవారు’ అని ఆశ్చర్యపడతారు. అది గాయకుని ఘనత కాదు, యంత్రం చేసిన పొరపాటు. వెంట వాయించిన హార్మోనియం ఇక్కడ కొంత ఆదుకొంటుంది. దాని స్వరం రెండు మెట్ల నడుమ ఎక్కడో పడుతున్నదంటే వేగాన్ని అనుమానించవలసినదే.

ముల్లు సంగతి కూడా ఇటువంటిదే. వెనుకటి రోజులలో కుక్కబొమ్మ ఉన్న చిన్న రేకు డబ్బీలో ఉక్కు ముళ్ళు అమ్మేవారు. ఒక్కొక్క వైపుకు ఒక కొత్త ముల్లు మార్చాలని నియమం. ఆ ఖర్చు భరించలేక ఒకే ముల్లుతో నెలల తరబడి వాయించిన ఇళ్ళలోని రికార్డులు గరగరమంటాయి. ఎల్.పి. రికార్డుకు వాడే సన్నని ముల్లు లక్క పలక గాడిలో అడుగుకు దిగి దుమ్మును దున్నుతుంది. ఈ పలకకు వెడల్పయిన ముల్లు కావాలి. అనుభవజ్ఞులు మరొక మెలకువ పాటిస్తారు. గాడి గోడలో పాత ముల్లు తాకని ఎత్తున ఆనే ముల్లును వెదకి వేస్తారు. అరిగిపోయిందనుకొన్న రికార్డు అప్పుడు మళ్ళీ స్పష్టంగా పలకవచ్చు.

ఇక గరగరను కంప్యూటరులో తుడిచివేయడం. ఈ ఆశ సహజమే కాని హద్దు ఎరగనిది. బుసబుసమనే శబ్దాన్ని పూర్తిగా తీసివేస్తే, అసలే బలహీనంగా ముద్రితమైన శ, ష, స ధ్వనులు కూడా దానివెంట పోతాయి. ఆ అక్షరాల భేదాన్ని నిష్ఠగా పాటించి పలికిన నటుల ఉచ్చారణను ఈ విధంగా మొద్దుబార్చడం క్షమించరానిది. టపటపలను తీసేటప్పుడు మృదంగం దెబ్బ మొన కూడా విరగవచ్చు. కాబట్టి ముందు తుడవని ప్రతిని యథాతథంగా భద్రపరచి, ఆ తరువాతనే వినడానికి అనువైన ప్రతిని వేరుగా సిద్ధం చేయాలి. సి. పి. బ్రౌన్ వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించే ముందు ఎన్నో వ్రాతప్రతులను పోల్చి చూశాడు. అచ్చయింది కదా అని వాటిని పారవేయలేదు. ఆయన సేకరించిన ప్రతులు నేటికీ చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో పరిశోధకులకు ఉపయోగపడుతున్నాయి. నేడు పెట్టెలోని రికార్డు తాళపత్రం వంటిది. ఫైలు ఎంత చక్కగా ఉన్నా అచ్చుప్రతి మాత్రమే. రేపు ఇంతకంటె మంచి ముల్లు, మంచి యంత్రం వస్తే మళ్ళీ వినడానికి రికార్డు ఉండాలి.

ఈ పాటలన్నీ ఇంటర్నెట్టులో దొరుకుతున్నాయి, మళ్ళీ ఈ శ్రమ ఎందుకని కొందరు అడుగుతారు. దొరికేవాటిలో చాలావరకు ఎం.పి.3 ఫైళ్ళు. పరిమాణం తగ్గించడానికి, చెవికి అంతగా తెలియదనుకొన్న ధ్వనిభాగాలను వాటిలో వదిలివేస్తారు. నిమిషానికి ఒక మెగాబైటుతో సరిపెట్టుకొంటే వినోదానికి చాలు. భద్రపరచే ప్రతిని సెకనుకు 96,000 నమూనాలతో, ఒక్కొక్క నమూనాకు 24 బిట్లతో తీసుకొంటే రెండు చానళ్ళకు నిమిషానికి సుమారు 35 మెగాబైట్లు అవుతుంది. నేటి డిస్కుల వెలను బట్టి చూస్తే ఇది పెద్ద భారం కాదు. అయితే ఒకే డిస్కును నమ్మరాదు. చెదపురుగు తాటాకులో కొంత భాగాన్నయినా వదిలిపెడుతుంది. చెడిపోయిన డిస్కు ఒక్కొక్కసారి ఒక్క అక్షరమైనా మిగల్చదు. ప్రతులు మూడు ఉండాలి. అందులో ఒకటి వేరే ఊరిలో ఉండాలి.

ఫైళ్ళను పదిమందికీ పంచదలచినవారు చట్టాన్ని కూడా గమనించాలి. మన దేశంలో ధ్వనిముద్రణపై హక్కు అది విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళు ఉంటుంది. పాట వ్రాసిన కవి హక్కు వేరు. అది ఆయన మరణం తరువాత 60 ఏళ్ళు కొనసాగుతుంది.

మిగిలినది పేర్ల పని. చాలామంది విసుగుపడి వదిలివేసేది దీనినే. గాయకుడు, కవి, నాటకం, రాగం, వాద్యకారులు, రికార్డు సంఖ్య, తిప్పిన వేగం, వాడిన ముల్లు, ఇవన్నీ ఫైలుతోపాటు వ్రాసి ఉంచాలి. చీటీ ఫొటో కూడా తీయాలి. చీటీ చిరిగిపోయినా నిరాశపడనక్కరలేదు. చివరి గాడికీ చీటీకీ నడుమ ఉండే ఖాళీలో సాధారణంగా ఒక సంఖ్య ఉంటుంది. ఏ ముద్రణ ఎప్పటిదో, ఒకే పాటను రెండుసార్లు పాడితే ఇది ఎన్నవదో తేల్చడానికి పరిశోధకులు దానినే ఆశ్రయిస్తారు. వెలుతురు ఏటవాలుగా పడేటట్లు పలకను పట్టుకొంటే ఆ అంకెలు కనబడతాయి.