పింఛను లేని మాజీ సైనికుడికి ఏమివ్వాలి?



ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం వస్తుంది. ఆ రోజుల్లో మన ఊళ్లలో మాజీ సైనికులకు సన్మానాలు జరుగుతాయి. శాలువా, జ్ఞాపిక, బియ్యం బస్తా ఇచ్చి ఫొటో దిగుతాం. ఇచ్చేవారి మనసును నేను తప్పుపట్టను. అయితే అవసరంలో ఉన్న మనిషికి ఆ సాయం చేరుతోందా అని అడగక తప్పదు. సాధారణంగా జవానుకు సర్వీసు పింఛను రావాలంటే పదిహేనేళ్లు నిండాలి. అంతకుముందే బయటికి వచ్చి, వైకల్య పింఛను కూడా మంజూరు కానివారికి సైన్యం నుంచి నెలనెలా వచ్చేదేమీ ఉండదు. 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ వైద్య పథకం కూడా ప్రధానంగా పింఛనుదారులదే. ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్లు వాచ్‌మన్ ఉద్యోగమో కూలిపనో చేసుకున్న మనిషి డెబ్బైకి చేరాక ఏం తిని బతకాలి, మందులకు ఎవరిని అడగాలి? ఒక్క పూట సన్మానం ఆ లోటు పూడ్చలేదు.

పూడ్చే దారి ఒకటి ఇప్పటికే ఉంది. పింఛను లేక, అరవై అయిదేళ్లు దాటి పేదరికంలో ఉన్న హవల్దారు స్థాయి వరకు మాజీ సైనికులకు, వారి వితంతువులకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలవారీ సాయం ఇస్తుంది. నెలకు 4,000 రూపాయలుగా ఉన్న దానిని 2025లో 8,000 చేశారు. ఇద్దరు పిల్లల వరకు చదువుకు తలా నెలకు 2,000, కూతురి పెళ్లికి లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాట్లూ ఉన్నాయి. ఇదంతా పతాక దినోత్సవ నిధి నుంచే నడుస్తుంది, ఆ నిధికి మనబోటివారి విరాళాలే ఆధారం. నెలకు 8,000 అంటే ఒక వృద్ధ దంపతుల ఇంటికి ఏడాదికి 96,000. సభకు టెంటు, మైకు, దండలు, భోజనాలకు అయ్యే ఖర్చును నిర్వాహకులు ఒక్కసారి ఈ అంకె పక్కన పెట్టి చూడాలి.

సైనికుణ్ణి చూసుకోవలసింది ప్రభుత్వం కదా, మన చందాలెందుకు అనేవారున్నారు. ఆ మాటలో న్యాయముంది. పింఛను నిబంధనలు మార్చమని అడగాల్సిందే, గట్టిగా అడగాల్సిందే. కానీ అవి మారేదాకా ఈ నెల మందుల చీటీ ఆగదు. ఇక నిధికిచ్చిన డబ్బు ఎటుపోతుందో తెలియదు, చేతికిస్తే కళ్లారా చూస్తాం అనేవారికి నా జవాబు ఇది. సాయం కోరినవారి డిశ్చార్జి బుక్కు, ఇతర పత్రాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పరిశీలించాకే డబ్బు వారి బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇచ్చినవారికి రసీదు, 80జీ కింద పన్ను మినహాయింపు ఉంటాయి. ఎక్కడో జవాను మరణించిన వార్త రాగానే వాట్సాప్‌లో తిరిగే ఎవరిదో ఫోన్ నంబరుకు డబ్బు పంపితే ఈ పరిశీలన ఏదీ ఉండదు.

వస్తువులు అసలే వద్దని కాదు, అడిగి ఇవ్వాలి. వెన్నెముక దెబ్బతిన్న సైనికులు పుణె దగ్గర ఖడ్కీలోని పునరావాస కేంద్రంలో ఉన్నారు, తమ ఊళ్లలోనూ ఉన్నారు. ఆసుపత్రి వరండాలో కనిపించే మామూలు చక్రాల కుర్చీ అటువంటివారికి పనికిరాదు. స్పర్శ తెలియని శరీరం గంటలకొద్దీ గట్టి సీటు మీద ఉంటే పుండ్లు పడతాయి. ఒత్తిడి తగ్గించే దిండు కావాలి, మంచం మీదికి జరగడానికి పక్క చేయి ఊడి రావాలి, కొలత ఆ మనిషికి సరిపోవాలి. పది మామూలు కుర్చీలు పంచేకన్నా సరైనది ఒక్కటి ఇవ్వడం మేలు.

డబ్బు లేనివారు ఇవ్వగలిగిందీ ఉంది. మన పేర్లలో ఇంటిపేరు డిశ్చార్జి బుక్కులో ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. భార్య పేరు సర్వీసు రికార్డుకు ఎక్కకపోవడమూ జరుగుతుంది. భర్త పోయాక ఆ తేడా సరిచేయించే పని చదువురాని ముసలామె మీద పడుతుంది. రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, వకీళ్లు వారానికి ఒక పూట కేటాయించి ఆ దరఖాస్తులు నింపిపెడితే, ఆగిపోయిన సాయాలు కదులుతాయి.

సన్మాన సభలు తలపెట్టిన సంఘాలకు నా మనవి: ఈ డిసెంబరులో ముందు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, మీ మండలంలో పింఛను లేనివారికి ఏం కావాలో కనుక్కోండి. వసూలైన చందాను పతాక నిధికి జమచేసి, ఆ రసీదును ఊరందరికీ చూపించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు