కొనసాగింపు కథలును, మన పిల్లల తీర్పును

మన సంఘ పఠనమందిరమున వేసవి సెలవులలో పిల్లలచేత పాత ‘చందమామ’ ధారావాహికలను చదివించుచున్న సంగతి పాఠక మహాశయు లెఱుగుదురు. ‘రాతిరథము’ను ఆత్రముతో ముగించిన బాలబాలికలు అదే ఉత్సాహముతో ‘యక్షపర్వతము’ను చేపట్టిరి. ఖడ్గవర్మ, జీవదత్తులే అందును నాయకులు. కాని సగమైనను కాకమునుపే పలువురు నిరుత్సాహపడి, మొదటి దానివలె ఇది లేదని పుస్తకము మూసివైచిరి. ఈ మాట విని పెద్దలు కొందఱు నొచ్చుకొనిరి. తెలుగు చదువు పిల్లలే తగ్గిపోవుచుండగా, ఆ కొలదిమంది నోట చందమామకు వంక పెట్టనిచ్చుట తగదని వారి అభిప్రాయము. పిల్లల ఫిర్యాదు న్యాయమైనదే అనియు, దానిని మనము అణచివేయరాదనియు నా మనవి.

పెద్దల బాధకు కారణము లేకపోలేదు. 1936 వఱకు మన కోరాపుట్, రాయగడ ప్రాంతములు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాకు చెందియుండెను. ఆ యేడు ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ఏర్పడగా మనము ఉన్నచోటనే యుండి అల్పసంఖ్యాకుల మైతిమి. పిల్లలు బడిలో ఒడియా నేర్చిరి, నేర్వవలసినదే. ఇంట తెలుగు మాటాడుచుండిరి గాని, అక్షరము నిలుపువారు కావలసివచ్చెను. 1947 జులైలో మద్రాసున వెలువడిన చందమామ ఎన్నో కుటుంబములలో ఆ పని చేసెను. ఒత్తులును, గుణింతములును కూడబలుకుకొనుచు పిల్లలు కథ వెంట నడచిరి. చందమామ సంచికలను కుట్టించి పెట్టెలలో దాచినవారి ఇండ్లు నేటికిని మన యందు కలవు. అవే కథలు ‘జహ్నమామూ’ పేర ఒడియాలోను వచ్చుటచే, పొరుగింటి ఒడియా పిల్లలతో మన పిల్లలు సమానముగా ముచ్చటించుకొనగల్గిరి. ఇంత మేలు చేసిన పత్రికపై ప్రేమ యుండుట సహజము. అయినను ప్రేమ వేఱు, పరీక్ష వేఱు.

ఈ ధారావాహికల రచయిత దాసరి సుబ్రహ్మణ్యముగారు. ఆయన 1952లో చందమామ కార్యాలయమున చేరి, 2006 వఱకు అచ్చటనే పనిచేసి, 2010లో కీర్తిశేషులైరి. 1954లో ‘తోకచుక్క’తో ఆరంభించి ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘శిథిలాలయము’ మొదలైనవి వ్రాసిరి. ఆ ధారావాహికలపై ఆయన పేరు అచ్చుకాలేదు. లక్షలాది పాఠకులు కథను ప్రేమించిరి గాని కర్త నెఱుగరు. మెచ్చుకొనదలచినవాడును, నొచ్చుకొన్నవాడును ఎవరికి చెప్పుకొనవలయునో తెలియదు. ‘చిత్రా’ గారి బొమ్మలు, సరళమైన తెలుగు, నెల తిరుగువఱకు ఊపిరి బిగబట్టించు ముగింపు - ఇవి ఆ కథల బలము.

మఱి కొనసాగింపు ఎందుకు చప్పబడును? పిల్లలు చెప్పిన కారణములనే క్రోడీకరించుచున్నాను. నాయకు లిరువురును మొదటి కథలోని గండములన్నియు గడచివచ్చినవారు గనుక, వారికేమియు కాదని పాఠకునికి ముందే తెలియును. భయము లేనిచోట ఉత్కంఠ యుండదు. ఒక ఆపద తీరగానే మఱియొకటి వచ్చుచుండునే గాని, అన్నిటిని కలుపు త్రాడు కానరాదు. నెలకొక భాగముగా చదివినవారికి ఇది అంతగా తోపకపోవచ్చును. మధ్య ముప్పది దినముల యెడము మఱపును, ఆకలిని కూడ కలిగించును. ఒక్క బిగిని పుస్తకముగా చదువు నేటి పిల్లవానికి ఆ యెడము లేదు. కనుక లోపములో కొంత కథది, కొంత చదువు తీరుది. వర్తకునిగా నా కొక సంగతి తెలియును: మొదటి బస్తా మంచిదైనందున రెండవ బస్తాను విప్పిచూడకయే కొన్నవాడు, తేడా వచ్చినప్పుడు రెండింతలు కోపించును. ఆ కోపము మొదటి సరకునకు కట్టిన మెప్పే.

ఇది మన చందమామకు మాత్రమే పట్టిన దోషము కాదు. కానన్ డాయిల్ 1893లో చంపివైచిన షెర్లాక్ హోమ్సును 1903లో బ్రతికింపగా, ఇతడు మునుపటివాడు కాడని అన్నవారు ఇంగ్లండులోనే యుండిరి. హిందీలో దేవకీనందన్ ఖత్రీ 1888లో ‘చంద్రకాంత’ను వెలువరింపగా, దానిని చదువుటకే ఎందఱో నాగరి లిపి నేర్చిరని ప్రసిద్ధి. ఒక మాయకథ ఒక భాషకు పాఠకులను సంపాదించిపెట్టినది! మన మధిర సుబ్బన్న దీక్షితులవారి ‘కాశీమజిలీ కథలు’ పండ్రెండు భాగములు సాగినవి. అందు యతియు, గోపబాలుడును మాఱరు. కాని ప్రతి మజిలీయందును బాలుడు చూచిన వింత క్రొత్తది, అడిగిన ప్రశ్న క్రొత్తది. పాత మనుష్యులతో క్రొత్త ప్రశ్న నడిగిన కథ నిలుచును. పాత మనుష్యులను మాత్రమే చూపి ఊరకుండునది అలసిపోవును.

ఇప్పుడు అసలు విషయము. చందమామ ఇప్పుడు రాదు. పాత కథలను పూజామందిరమున పెట్టి, వంక పెట్టరాదని ఆజ్ఞాపించినచో పిల్లలు వాదింపరు, మెల్లగా లేచిపోవుదురు. వారికి ఒడియా, హిందీ, ఇంగ్లీషు కథలు చేతియందే యున్నవి. బాగున్నదని చెప్పుటకు ఏ భాషలోనైనను రెండు మాటలు చాలును. ఎందుకు బాగులేదో చెప్పవలెనన్న మాత్రము, తెలుగున ఆలోచింపవలయును, పోల్చవలయును, పదములు వెదకవలయును. ‘యక్షపర్వతము’పై అలిగిన పిల్లవాడు ఆ పని తెలుగుననే చేసినాడు. మన భాష వానియందు బ్రతికియున్నదనుటకు ఇంతకన్న సాక్ష్య మేమి కావలయును?

కావున నా సూచన లివి. చదివిన ప్రతి పిల్లయు, పిల్లవాడును తన అసంతృప్తిని ఒక పుట తెలుగున వ్రాసి ఇయ్యవలయును. వానిని ఈ పత్రికలో ప్రకటింపవలయును. ఆ కథను నెలనెల చదివి మెచ్చిన పెద్దలు, కోపింపక, తమ కేల నచ్చెనో బదులు వ్రాయవలయును. పుస్తకములు కొనునప్పుడు ఒక్క ధారావాహికతో తృప్తిపడక, భిన్నమైనవి నాలుగైదు తెప్పింపవలయును. ఒకటి చప్పబడినను మఱియొకటి పట్టుకొనును. తాతయు మనుమడును ఒక కథ బాగోగులను గూర్చి తెలుగున తగవులాడుకొను ఇండ్లు మన రాయగడ, కోరాపుట్ వీధులలో పదియైనను ఈ యేడు కనబడునట్లు చేయుదము.