బాటసారి విస్తరి

పదిహేనవ శతాబ్దికి చెందిన ‘క్రీడాభిరామం’లో వినుకొండ వల్లభరాయుడు ఓరుగల్లులోని పూటకూళ్ళ ఇంటి భోజనాన్ని వర్ణించాడు. ఒక్క రూకకే కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు లభించేవట! రుచితోపాటు వెలనూ కవి చెప్పినందువల్లనే ఆనాటి ఓరుగల్లు ఆతిథ్యం నేటివారికి తెలిసింది.

మాఘ, వైశాఖ మాసాలలో వరంగల్లు నుండి కోస్తాకు పెండ్లిండ్లకు వెళ్ళే బంధువులకు ముహూర్తానికీ ముహూర్తానికీ నడుమ ఒకటి రెండు రోజుల తీరిక దొరుకుతుంది. ప్రధాన రహదారులపై భోజనశాలలకు కొదువ లేదు. అయితే అనేకచోట్ల వంటకాల పట్టిక ఒక్కటే, రుచీ ఒక్కటే. అక్కడ ఆకలి తీరుతుంది గాని ఊరు తెలియదు. కత్తిపూడి నుండి ఒంగోలు దాకా తీరప్రాంతం గుండా సాగే 216వ జాతీయ రహదారిని పట్టినవారికి కాకినాడ సుబ్బయ్య హోటలు అరిటాకు భోజనం, మచిలీపట్నంలో బందరు లడ్డు లభిస్తాయి. కొంత దారి మళ్ళితే ఆత్రేయపురం పూతరేకులూ అందుతాయి. బందరు లడ్డుకు 2017లో, పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

గుర్తింపు పేరును కాపాడగలదు. రుచిని నిలిపేది మాత్రం వెతుక్కుంటూ వచ్చే బాటసారియే. కనుక మంచి భోజనశాలను అన్వేషించడం కేవలం జిహ్వచాపల్యం కాదు. స్థానికులను అడిగి తినడం, తిన్నదానిని నలుగురికీ చెప్పడం వల్లభరాయుడు చూపిన బాటయే.